పిస్తోలుకు పెట్టిన గంధం

ఆ రోజుల్లో (విమానాశ్రయం కొత్తగా వచ్చి, శంషాబాద్ చుట్టూ రాళ్లగుట్టలు కూడా ప్లాట్లుగా అమ్ముడవుతున్న కాలం) నడుముకు పిస్తోలుంటే మనిషి తనంతట తానే జానెడు పొడుగవుతాడని నమ్మేవాణ్ణి. ప్లాట్లమ్మే ఓ సేటు దగ్గర గన్‌మన్ ఉద్యోగం నాది. బొటనవేలి దగ్గర చిన్న మీట, అదే సేఫ్టీ. పైకుంటే పిస్తోలు పేలదు, కిందికి నొక్కితే పేలడానికి సిద్ధం. అద్దం ముందు నిలబడి ఆ మీటను టకటకలాడించడమే నాకు కసరత్తు, వినోదం. (తూటాలు తీసేశాకే లెండి, ఆ మాత్రం తెలివి ఉండేది.)

దసరా పొద్దున ఆయుధపూజ చేశాను. సేటు కారుకు బొట్లు పెట్టగా మిగిలిన గంధం, పసుపు, కుంకుమ మొత్తం పిస్తోలుకే సమర్పించుకున్నాను. భక్తి ముదిరితే చేతికి కొలత ఉండదు కదా.

సాయంత్రం మంఖాల్ దగ్గర సేటు కొత్త వెంచర్‌లో ఉన్నాం. హద్దురాళ్ల మీద ఊరివాళ్లతో అప్పటికే గొడవ నడుస్తోంది. అంతలో ఓ గుంపు మా వైపే రావడం చూసి సేటు ముఖం పాలిపోయింది. "కొట్లాటకొస్తున్నరు రా! తియ్, జల్ది తియ్!" తీశాను. మీట నొక్కాను. కదల్లేదు. రెండు చేతులతో నొక్కాను. గంధం ఎండి సిమెంటులా పట్టేసింది. గీకితే గోరు విరిగింది గాని మీట కదల్లేదు. "ఏమైందిరా?" "గంధం, సేటూ..." "పిస్తోలుకు పెండ్లి జేసినవార, లంగా!"

అప్పటికే వాళ్లు ముందుకొచ్చేశారు. ముందున్న ముసలాయన చేతిలో కర్ర లేదు, జమ్మి ఆకులున్నాయి. పండుగ నాడు పగ ఉంచుకోవద్దని సేటుకు ఆ ఆకులనే 'బంగారం'గా పెట్టడానికి వచ్చారట. "గదేంది బిడ్డా చేతుల? పండుగ పూట పక్కన వెట్టు. ఇగో, బంగారం తీస్కో," అంటూ ముందు నాకే ఆకులు పెట్టి, గుండెలకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. పెద్దాయన, కాళ్లు మొక్కాలి, చేతిలోనేమో పిస్తోలు. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే సేటు, "పో, గుడిల పూజారిగ చేరు," అని నన్ను పంపించేశాడు.

ఇప్పుడు ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతున్నాను. ఆ సాయంత్రం మీట కదల్లేదని దాన్ని ఎంత తిట్టుకున్నానో! కదిలి ఉంటే, ఆకులు పట్టుకొచ్చిన ఆ ముసలాయన గతి ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. దసరాకు స్టీరింగుకు పూజ చేస్తుంటే మా ఆవిడ, "గంత గంధమెందుకయ్యా?" అని విసుక్కుంటుంది. నవ్వేసి, ఇంకొంచెం పూస్తాను.