కుండలో కంది విత్తనాలు

షాద్‌నగర్ బస్టాండు బయట చలికాలం సాయంత్రాలు కందికాయలు ఉడకబెట్టి అమ్ముతారు. ఆ ఉప్పటి ఆవిరి ముక్కుకు తగిలిందంటే చాలు, డ్యూటీ దిగిన అలసటంతా మరిచి నేను మర్రిగూడ దగ్గరి మా ఊళ్లో, ఆరో తరగతిలో ఉంటాను.

మా ఇంటి మూలకు ఒక కుండ ఉండేది. కంది విత్తనాలను ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టి, బూడిద కలిపి, మధ్యమధ్య వేపాకు పరిచి, మూత చుట్టూ పేడమట్టి మెత్తి, వానలు పడేదాకా ఎవరినీ తాకనిచ్చేది కాదు మా అవ్వ, బాపు వాళ్ల అమ్మ. ఆ ఏడు ఒంటిపూట బడి రోజుల్లో సైన్సు సారు, ప్రాణమున్న ప్రతిదానికీ గాలి కావాలని చెప్పారు. నాకు నోరాగదు కదా, లేచి అడిగాను.

"ఇత్తులకు గుడ కావాల్నా సారూ?"

"కావాలె. వాటికీ పాణముంటది."

ఇంక నాకు అన్నం సహించలేదు. అవ్వ గొర్లకు కొమ్మలు తేవడానికి పోవడం చూసి, పేడమెత్తు గీకి, మూత ఓరగా పెట్టి, పైన గోనెసంచి కప్పేశాను. ఎండాకాలమంతా ఆ పక్కనుంచి పోయినప్పుడల్లా ఎంత పుణ్యం చేశానో అని మురిసిపోయాను.

తొలకరి పడింది. అవ్వ కుండ వంచితే గింజలకంటే ముందు పురుగులు బయటికొచ్చాయి. సగం గింజలకు బొక్కలు.

"మూత ఎవలు దీసిండ్రే?"

"నేనే అవ్వా. ఊపిరాడక సస్తయని..." ఏడ్చేశాను.

బాపు తల పట్టుకున్నాడు. "నేల పదునారితె మల్ల వాన ఎప్పుడో! ఇత్తులకు ఇప్పుడు ఎవల కాళ్లు మొక్కాలె?"

కొడతారనుకున్నాను. అవ్వ మాత్రం చేటలో చెరిగి, బొక్కల్లేని వాటిలోంచి పది గింజలు తీసి, మొలుస్తాయో లేదో చూడ్డానికి తడి గోనెగుడ్డలో చుట్టింది.

"గవి కుండల పండుకున్నయి బిడ్డా. పండుకున్నోళ్లకు ఊపిరి సన్నంగ ఆడుతది, బూడిదల ఉన్న గాలే సాలు. నువ్వు తలుపు దీస్తివి, దొంగలు జొచ్చిరి."

రెండు రోజులు ఆ మూట పక్కనే కూర్చుని, ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరించాను. మూడోనాడు పొద్దున ముగ్గురం వంగి చూస్తుండగా అవ్వ విప్పింది. ఏడు గింజలకు తెల్లటి మొలకలు!

"పదికి ఏడు. నీకంటె మంచి మార్కులే," అని నన్ను ఎత్తిపొడిచి, "ఉన్నకాడికి జర ఒత్తుగ ఎయ్యి కొడుకా," అంది బాపుతో.

బొక్కల గింజలు కోళ్లకు పోయాయి, విత్తనం చాలక చెలకలో ఓ మూల బీడుపడింది. మిగతా చేనంతా పచ్చగా పూసి, కాయలు విరగ్గాసింది.

ఇప్పుడు అవ్వ లేదు. విత్తనాల కుండ ఉన్న ఇల్లు మా ఊళ్లో ఒక్కటీ లేదు. బాపు దుకాణం నుంచి ప్యాకెట్ తెస్తాడు, నూటికి ఎన్ని మొలుస్తాయో దానిమీదే అచ్చేసి ఉంటుంది. బాగానే మొలుస్తాయి, కాదనను. ఇంటిల్లిపాదీ తలలు ఆనించి, మొలిచిందా లేదా అని ఒక తడిగుడ్డలోకి తొంగిచూసే పొద్దు మాత్రం ఇక రాదు.