నహూము అంటే ఆదరణ

నా పేరు నహూము. బైబిల్లో ఆ ప్రవక్త పుస్తకం మూడే అధ్యాయాలు, అందులో ఉన్నదంతా నీనెవె పట్టణం మీద కోపమే. పేరుకు అర్థం మాత్రం హెబ్రీలో ఆదరణ అట. నేను కడుపులో ఉండగానే నాన్న పోయారు. అందుకని పాస్టరుగారు ఏరికోరి ఆ పేరు పెట్టారు. నన్నొక్క మాట అడిగి పెట్టాల్సింది.

అమ్మ తిరువూరులో చిన్నపిల్లల బడిలో టీచరు. రైసుమిల్లు వెనక ఒంటిగదిలో మేమిద్దరమే. సాయంత్రం మిల్లు ఆగాక మా గదిలో మాట వినిపించేది కాదు. నేను ఆటలకు పోయేవాణ్ణి. అమ్మ గడప మీద కూర్చుని, ఎవరో వస్తానన్నట్టు రోడ్డు చూసేది.

మా చర్చిలో సండేస్కూలు పిల్లలు ఏటా వార్షికోత్సవానికి ఒక్కొక్కరే లేచి తమ పేరు, దాని అర్థం చెప్పాలి. "నహూము అంటే ఆదరణ. మా అమ్మకి నేనే ఆదరణ" అని గొంతు చించుకునేవాణ్ణి. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకుంటుంటే తెగ ఉబ్బిపోయేవాణ్ణి.

డెబ్బై నాలుగో, ఐదో. నాకు పదేళ్లు. ఒక ఆదివారం ఆరాధనయ్యాక పాస్టరుగారు మా ఇంటికొచ్చారు. ఎ.కొండూరులో భార్య పోయిన మాస్టారొకాయన అమ్మని చేసుకుంటానన్నారట. మంచివాడని, తాగడని చెప్పి, ఆలోచించుకోమన్నారు. అమ్మ తల వంచుకుని తుడిచిన టీగ్లాసునే మళ్లీ తుడిచింది. చివరికి నా వైపు తిరిగి, "నువ్వేమంటావురా?" అంది.

నాకది సండేస్కూలు ప్రశ్నలాగే వినిపించింది. చేతులు కట్టుకుని నిలబడి, "మా అమ్మకి నేనే ఆదరణ" అన్నాను. పాస్టరుగారు మురిసిపోయి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్లిపోయారు. అంత చదువుకున్న మనిషికి అమ్మ ముఖం చూడాలని తోచలేదు. నాకూ తోచలేదనుకోండి. నాకు పదేళ్లు, ఆయనకు యాభై.

ఆ వేసవిలో ఆ మాస్టారికి విస్సన్నపేటలో పెళ్లయింది. చర్చివాళ్లందరితో పాటు మమ్మల్నీ పిలిచారు. అమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్లింది, నవ్వుతూనే భోంచేసింది. తిరుగు బస్సులో మాత్రం కిటికీ పక్కన కూర్చుని తిరువూరు దాకా రోడ్డే చూసింది. నేను ఆవిడ భుజానికి ఆనుకునే ఉన్నాను. నేనున్నా అమ్మ ఒంటరిదేనని మొదటిసారి అర్థమై భయమేసింది. దిగబోయే ముందు నా చొక్కా కాలరు సరిచేస్తూ మెల్లగా అంది.

"ఈసారి ఎవరైనా అడిగితే నువ్వు మాట్లాడకు నాన్నా."

తలూపాను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.