మా వంటింటి కొలతలు

ప్రొద్దుటూరులో మా ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడాది దాటింది. అది అమ్ముడుపోతేనే మా ఆయనకు ఆపరేషన్. చూసేవాళ్ళు వారం వారం వస్తూనే ఉన్నారు, బేరం మాత్రం ఎవరూ ఆడరు.

ఈ రోజు జమ్మలమడుగు నుంచి ఒకామె వచ్చి వంటిల్లంతా టేపుతో కొలిచింది. మా ఆయన ఆశగా మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నచ్చిందా అమ్మా?" అన్నాను.

"శానా బాగుందక్కా. మేమూ ఇల్లు కట్టుకుంటాండాం. వంటిల్లు ఎట్లుండాలో మీ ఇంట్లో చూసి రమ్మని మేస్త్రీ పంపించినాడు."

మా ఇల్లు కట్టింది ఆ మేస్త్రీయే. ఇప్పటిదాకా ఎంతమందిని ఇట్లా పంపాడో!

మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు కోపం కూడా రాలేదు. "పొయ్యి గట్టు ఇంకో రెండు అంగుళాలు ఎత్తు పెట్టించుకో, నాకు నడుం పోయింది" అని చెప్పి పంపాను.

మీరైతే ఏం చెప్పేవాళ్ళు?