క్రేనాయన కుడిచెయ్యి

రేవులో అందరూ ఆయన్ని క్రేనాయన అనేవారు. ఇరవై ఆరేళ్లు ఒకటే క్రేన్ నడిపాడు. ఓడలోంచి తీసిన కంటైనర్ పెట్టెను మనిషి ఛాతీ ఎత్తులో ఆపేవాడు. కింద బామ్మర్ది దాని అడుగున నాలుగు మూలల్లో ఉన్న లాకులు లాగి చెయ్యి ఊపాకే నేలకు దింపేవాడు. "మా తమ్ముడు జాగ్రత్త" అని భార్య రోజూ చెప్పి మరీ పంపేది.

ఆ రేవును పరాయి దేశపు కంపెనీ ఒకటి తొంభై తొమ్మిదేళ్లకు లీజుకు తీసుకుంది. "అద్దెకొచ్చినోడికి వీధి తలుపు గడియ కూడా అప్పజెప్పాం. రేపు వాడితో మాటామాటా వస్తే?" అన్నాడు క్యాంటీన్‌లో ఓ గుమాస్తా. అందరికన్నా గట్టిగా నవ్వింది మన క్రేనాయనే, ఏం చెప్పమంటారు!

కంపెనీవాళ్లు ఆయన కుడిచేతికి దాని ప్రతి కదలికనూ నమోదు చేసే పట్టీ ఒకటి కట్టి, మామూలుగా పని చేసుకోమన్నారు. ఆర్నెల్లు చేశాడు. కూర్చున్న కొమ్మను ఎంత శ్రద్ధగా నరుక్కున్నాడో! ఏడో నెలలో పట్టీ విప్పుకుని ఇంటికి పంపి, కేబిన్‌కు తాళం వేశారు. క్రేన్ మాత్రం సముద్రం అవతల ఏదో గదిలోంచి నడుస్తూనే ఉంది.

"అచ్చం నువ్వే బావా! నేను చెయ్యి ఊపేదాకా కదలదు," అన్నాడు బామ్మర్ది సంబరంగా. ఆ పూట క్రేనాయనకు అన్నం సయించలేదు.

మన దేశానికీ ఆ కంపెనీ దేశానికీ చెడిందని వార్త వచ్చింది. "తమ్ముణ్ణి తీసుకొచ్చెయ్యండి," అని భార్య తరిమింది. మిట్టమధ్యాహ్నం ఆయన కంచె దగ్గరికి చేరేసరికి రేవంతా నిశ్శబ్దం. క్రేన్లన్నీ ఆగిపోయాయి. అన్నిటికీ పెట్టెలు ఛాతీ ఎత్తులోనే వేలాడుతున్నాయి, ఆయన ఆపినట్టే. బామ్మర్ది బిగుసుకుపోయిన లాకు కోసం ఆయన పాత క్రేన్ పెట్టె కిందికి తల దూర్చాడు.

"బయటికి రారా! పైన ఉన్నది నేను కాదు!"

"ఒక్క లాకే, ఆగు బావా!" అన్నాడు బామ్మర్ది, తల బయటికి పెట్టి పైనున్న ఖాళీ కేబిన్ కేసి చూస్తూ.

ఇనప తాళ్లు కిర్రుమన్నాయి. పెట్టె జానెడు దిగింది. క్రేనాయన కుడిచెయ్యి దానంతట అదే గాలిలోకి లేచి, లేని లీవర్‌ను వెనక్కి లాగింది.

పెట్టె మూరెడు పైకి లేచింది.

చెయ్యి వణికితే అక్కడ పెట్టె వణుకుతోంది. బావ ఉన్నాడన్న ధీమాతో బామ్మర్ది నడుం దాకా లోపలికి దూరాడు.

నొప్పితో చెయ్యి లాగేస్తోంది. క్రేనాయన దాన్ని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, "నాకు భయంగా ఉందిరా, తొందరగా రా," అంటూ ఏడ్చాడు.