మందు సీసాలు తీయను

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకీ పిచ్చి లేదు. అనకాపల్లిలో రోడ్డు వెడల్పు చేస్తున్నప్పుడు పట్టుకుంది. ఎప్పట్నించో మూతబడి ఉన్న మందుల షాపుని జేసీబీతో పడగొడుతున్నారు. కూరలకని వెళ్లిన నేను, మట్టిలో ఏదో నీలంగా మెరిస్తే వంగి తీశాను. అరచేతిలో ఇమిడే గాజుసీసా. షాపు పేరు, ఊరి పేరు గాజులోనే ఉబ్బెత్తుగా పోసి ఉన్నాయి. బొటనవేలితో తడిమితే అక్షరాలు తగిలాయి. సంచిలో వంకాయల మీద ఇంకో నాలుగు సీసాలు వేసుకుని ఇంటికొచ్చాను.

ఆ తర్వాత పాయకరావుపేట దాకా ఎక్కడ పాత మందుల షాపు ఖాళీ చేస్తున్నారన్నా వెళ్లి, పారేసేవి అడిగి తెచ్చుకునేదాన్ని. తేనెరంగువి, ఆకుపచ్చవి, పక్కన మోతాదు గీతలున్నవి. కడిగి హాలు కిటికీలో పెట్టాను.

మాది బెల్లం వ్యాపారం చేసే ఇల్లు. వచ్చేపోయేవాళ్లు ఎక్కువ. ఓసారి మా ఆయన అక్క వచ్చి, ఒక సీసా మీద ‘పాయిజన్’ అని చదివి అదిరిపడింది.

“ఏటమ్మా ఇది? ఏ రోగిష్టోళ్లవో, ఎవరు పోయేరో! నట్టింట్లో పెడతావా?”

“అది పైపూత మందుది వదినా. ఎవరూ తాగకుండా అలా రాసేవారు.”

మర్నాడు నేను కోటవురట్లలో మా అమ్మని చూసి వచ్చేసరికి కిటికీ బోసిగా ఉంది.

“అక్క పాత సామాన్లోడికి ఇచ్చేసింది. పోనీలే, గొడవెందుకు?” అన్నారు మా ఆయన.

చెప్పులు విడవకుండానే ఆటో ఎక్కాను. పాత సామాన్ల షాపులో బీరు సీసాల గుట్ట పక్కన గోనెసంచిలో ఉన్నాయి నావి. కొన్ని పగిలాయి.

“ఏటి సేసుకుంతారమ్మా ఈటితోటి?” అన్నాడు షాపతను.

“చూసుకుంటాను,” అన్నాను.

మిగిలినవి ఒళ్లో పెట్టుకుని తెచ్చి, వదిన చూస్తుండగానే తుడిచి కిటికీలో సర్దాను. ఆ పాయిజన్ సీసాని సరిగ్గా మధ్యలో పెట్టాను.

“ఇవుంటే నేనీ గడప తొక్కను,” అంది.

“మీరెప్పుడొచ్చినా భోజనం పెడతాను వదినా. ఇవి మాత్రం తీయను.”

చాన్నాళ్లు రాలేదు. ఇప్పుడొస్తే కిటికీకి వీపు పెట్టి కూర్చుని నేనిచ్చిన కాఫీ తాగుతుంది.

మొన్న ఇంకొన్ని తెచ్చాను. చోటు చాల్లేదు. గోడకి చెక్క బిగించమంటే, “అక్క ఏవంటుందో,” అని నసిగారు మా ఆయన.

సుత్తి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.