అడగని ప్రశ్నకు జవాబు

వనపర్తిలో ఎక్కిన బస్సులో, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ప్రోగ్రెస్ రివ్యూ జవాబులు రికార్డు చేసుకుంటున్నాను. పోయినసారి రివ్యూ కమిటీ మీద గొంతు పెంచాను. ఈసారి ఒప్పించలేకపోతే నా పీహెచ్‌డీ ఆగిపోతుంది.

"ఎవల్తోని కొట్లాట బిడ్డా?" పక్కసీటులోని పెద్దామె అడిగింది.

"కొట్లాట కాదమ్మా. నా ప్రయోగం ఎందుకు ఫెయిలైందని కమిటీలోని సార్లు అడిగితే చెప్పడానికి ప్రాక్టీసు."

"అడిగిండ్రా?"

"ఇంకా లేదు. సోమవారం అడుగుతారు."

"అడగకముందే గింత తిడ్తున్నవ్. అడిగినంక కొడ్తవా ఏంది?"

బస్సంతా వినేలా నవ్వింది. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. ఆమె గోపాల్‌పేటలో దిగిపోయాక, తప్పంతా వాటిదేనని మెషీన్‌నీ ల్యాబునీ తిట్టిన రికార్డింగులన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను.

"ఎందుకు ఫెయిలైందో నాకింకా తెలియదు సార్."

గొంతు వణికింది. ఆ రికార్డింగును చెరపకుండా అలాగే ఉంచేశాను.