శుభలేఖ అక్షరాల్లో అర్జీ

మా అక్కకు సముద్రం వైపు ఎకరా వరి పొలం ఉంది. పక్కనున్న రొయ్యల గుంట నుంచి ఉప్పునీళ్ళు ఊరి, నారు కొసలు మాడిపోతున్నాయి. మండలాఫీసు నుంచి ఆఫీసరు వచ్చి కళ్ళారా చూస్తేనే, ఆ ఉప్పునీళ్ళు పక్కకు పోయేలా మధ్యలో కాలవ తీయిస్తారు. రమ్మని అక్క మూడు అర్జీలు చేత్తో రాసిచ్చింది. ఎవరూ రాలేదు. రాత బాగాలేకే రాలేదని తేల్చినవాణ్ణి నేను. కొత్తగా కంప్యూటరు నేర్చినవాడికి లోకంలో కష్టాలన్నీ టైపు చేస్తే తీరేవిగానే కనిపిస్తాయి.

నెల్లూరులో ప్రెస్సు నడిపే స్నేహితుడు ఇచ్చిన ఫాంటులో, సరిగ్గా ఒక పేజీకి సరిపోయేలా, ఇంట్లో కూర్చుని కొట్టాను. సోమవారం ఆ ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. అక్కను వెంటబెట్టుకుని బజారులో ప్రింట్లు తీసే సాయిబు గారి షాపుకు వెళ్ళాను. పెన్‌డ్రైవు పెట్టి ఫైలు తెరవగానే అక్క కష్టాలన్నీ ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు అయి కూర్చున్నాయి.

మీ కంప్యూటరు పాడైందని అరిచాను. ఆయన కోపం తెలియని మనిషి. నా ఫాంటు తన దగ్గర లేదని, ఫైలు వెంట ఫాంటు దానంతటది రాదని, పీడీఎఫ్ చేసి తెచ్చుంటే ఈ గోల ఉండేది కాదని నెమ్మదిగా చెప్పాడు. ఇంటికెళ్ళి వచ్చేసరికి ఆఫీసరు వెళ్ళిపోతాడు. ఆయన దగ్గరున్న వాటిలో నా అక్షరాలు ఒక్క ఫాంటుకే లొంగాయి. అది శుభలేఖల ఫాంటు. ప్రతి దీర్ఘానికీ ఒక తీగ, ప్రతి ఒత్తుకూ ఒక మొగ్గ. సైజు తగ్గిస్తే ఒత్తులు కింది లైన్లో పడ్డాయి. లైన్ల ఎడం పెంచితే ఒక పేజీ రెండైంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్కకు మాత్రం తెగ నచ్చింది. మంచిపనికి పోయే కాగితమని, సంచిలోంచి పసుపు పొట్లం తీసి నాలుగు మూలలా రాసింది. వద్దనే ఓపిక కూడా నాకు లేదు.

ఆఫీసరు అందుకుని, చదవకుండానే నవ్వాడు.

"తప్పకుండా వస్తానమ్మా. ముహూర్తం ఎప్పుడు?"

అక్క తొణకలేదు. "నారు చావకముందు ఎప్పుడొచ్చినా మంచి ముహూర్తమే సార్."

అప్పుడు చదివాడు. వరుసలో ఉన్నవాళ్ళంతా విన్నారు కనుక మాట వెనక్కి తీసుకోలేక గురువారం వచ్చాడు. చూసి, కాలవ తీయమని గుంటవాళ్ళకు నోటీసు ఇచ్చాడు. అది అచ్చం నేను కోరుకున్నట్టే ఉంది. ఒకటే పేజీ, నిటారు అక్షరాలు. గుంట గట్టు మీది కాపలా గుడిసెకు అంటించి పది రోజులైనా ఎవరూ దాని ముఖం చూడలేదు.

అప్పటికి సగం నారు పోయింది. అక్క ఆ నోటీసు ముందు నిలబడింది.

"దీన్ని గూడా ఆ సాయిబన్న దగ్గరే కొట్టించుంటే బాగుండు అబ్బయా. పసుపు నేను రాసుండేదాన్ని."